ఎలుక పాదంలో మొదటి గంట: వాపులో సెరటోనిన్ వాటా ఎంత, దాన్ని పట్టుకోవడం ఎలా

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల్లో ఫార్మకాలజీ తీసుకున్న ఎం.ఫార్మ్ విద్యార్థి థీసిస్‌కి ఏ మొక్కను ఎంచుకున్నా, వావిలాకు కానివ్వండి, తెల్లగలిజేరు కానివ్వండి, నేలవేము కానివ్వండి, మొదటి ప్రయోగం దాదాపు ఒకటే. ఎలుక వెనక కాలి పాదంలో వాపు తెప్పించే క్యారజీనన్ అనే పదార్థం ఎక్కించడం, గంటగంటకీ వాపు కొలవడం, ఎంత శాతం తగ్గిందో పట్టిక వేయడం. పట్టిక కింద రాసే ముగింపు కూడా మారదు: మొదటి గంటలో వాపు తగ్గింది, అంటే మా కషాయం ఒంట్లో వాపు తెప్పించే హిస్టమిన్, సెరటోనిన్ అనే రసాయనాలను అడ్డుకుంటోంది అని.

ఆ ముగింపు చెప్పడానికి ఆ పట్టిక ఒక్కటే చాలదు. ఎలుక పాదంలో తొలి వాపుకు సెరటోనిన్ ముఖ్య కారణాల్లో ఒకటన్నది నిజమే. కానీ అది ఎలుకకు సంబంధించిన నిజం. మనిషి ఒంట్లో కథ వేరు. పైగా ఎలుకలో కూడా, ఫలానా మందు సెరటోనిన్ దారినే మూసిందని చెప్పాలంటే క్యారజీనన్ ప్రయోగం తర్వాత ఇంకా మూడు నాలుగు ప్రయోగాలు మిగిలే ఉంటాయి.

సెరటోనిన్ పాదంలోకి ఎక్కడిది?

సెరటోనిన్ అనగానే అందరికీ మెదడు, డిప్రెషన్ మాత్రలు గుర్తొస్తాయి. ఒంట్లో ఉన్న మొత్తం సెరటోనిన్‌లో మెదడు వాటా చాలా కొద్ది. 90 శాతానికి పైగా పేగు గోడలోని ఎంటరోక్రోమాఫిన్ కణాల్లోనే ఉంటుంది. ఇటలీలో విట్టోరియో ఎర్‌స్పామర్ 1930లలోనే దీన్ని పేగు పొరలో గుర్తించి ఎంటరమిన్ అన్నాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే ముగ్గురు రక్తపు సీరం నుంచి రక్తనాళాలను బిగించే పదార్థాన్ని వేరుచేశారు. ఈ రెండూ ఒకటేనని 1952 నాటికి తేలింది. పేగు నుంచి రక్తంలోకి వచ్చినదాన్ని ప్లేట్‌లెట్లు పీల్చుకుని దాచుకుంటాయి. తయారుచేసుకునే పని అవి చేయవు, దాచడం, అవసరమైనప్పుడు వదలడం మాత్రమే. మెదడు సెరటోనిన్ రక్తంలోకి దిగదు, రక్తంలోది మెదడులోకి ఎక్కదు. తయారీకి కావలసిన ట్రిప్టోఫాన్ హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్ కూడా రెండు చోట్లా రెండు రకాలు. కాబట్టి పాదం వాపు గురించి మాట్లాడేటప్పుడు మనసు సంగతి పక్కన పెట్టేయవచ్చు.

పాదానికి దగ్గరి గోదాము మాస్ట్ కణం. చర్మం కింద, చిన్న రక్తనాళాల పక్కనే కాపు కాసే ఈ కణాల నిండా గుళికలుంటాయి. ఎలుకల మాస్ట్ కణాల గుళికల్లో హిస్టమిన్‌తో పాటు సెరటోనిన్ కూడా ఉందని 1955లో బెండిట్ బృందం చూపించింది. బరువు చూస్తే సెరటోనిన్ హిస్టమిన్ కంటే చాలా తక్కువే. అయినా ఎలుక రక్తనాళాల మీద దాని దెబ్బ హిస్టమిన్ దెబ్బ కంటే ఎన్నో రెట్లు గట్టిది. హిస్టమిన్‌ని మాత్రమే ఆపే మందులు ఎలుకలో గుడ్డు తెల్లసొన, డెక్స్‌ట్రాన్ అనే చక్కెరల గొలుసు తెప్పించే వాపును పెద్దగా తగ్గించకపోవడం, సెరటోనిన్‌ని ఆపేవి తగ్గించడం 1950ల్లోనే గమనించారు. ఆ తేడాకు కారణం ఇదే.

గోడలో సందు పడే తీరు

గుళికల నుంచి బయటపడ్డ సెరటోనిన్ పక్కనే ఉన్న సన్నని సిరలకు, అంటే వెన్యూల్స్‌కి చేరుతుంది. కేశనాళికలు దాటాక రక్తం కూడుకునే తొలి గొట్టాలివి. వాటి లోపలి పొర కణాల మీద 5-హెచ్‌టి2ఏ అనే గ్రాహకం, అంటే సెరటోనిన్ వచ్చి అంటుకునే ప్రొటీన్ ఉంటుంది (5-హెచ్‌టి అంటే సెరటోనినే). సెరటోనిన్‌కి ఇప్పటికి తెలిసిన గ్రాహకాలు 7 కుటుంబాల్లో 14 రకాలు. ఎలుక పాదం వాపు విషయంలో ఎక్కువ బరువు మోసేది ఈ ఒక్కటి. గ్రాహకం పని మొదలుపెట్టగానే కణంలో కాల్షియం పెరుగుతుంది, కణం అస్థిపంజరంలోని మయోసిన్ బిగుసుకుంటుంది, కణం కొద్దిగా కుంచించుకుపోతుంది. పెంకుటింట్లో రెండు పెంకులు జరిగితే వాన లోపలికి కారినట్టు, పక్కపక్క కణాల మధ్య సందు పడి ప్లాస్మా బయటికి కారుతుంది. నీళ్లే కాదు, అల్బుమిన్ లాంటి ప్రొటీన్లు కూడా వెళ్లిపోతాయి. ప్రొటీన్ బయటికి వచ్చాక నీటిని తన వైపు లాక్కుంటుంది కాబట్టి, సందు మూసుకున్నాక కూడా వాపు వెంటనే దిగదు.

1961లో మాయ్నో, పలాడే ఎలుక కండరంలో సెరటోనిన్, హిస్టమిన్‌లను వేరువేరుగా ఎక్కించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఈ సందులను చూపించారు. అంతకంటే ముఖ్యంగా వాళ్లు తేల్చింది ఈ సందులు ఎక్కడ పడతాయన్నది. ధమనుల్లో కాదు, కేశనాళికల్లోనూ పెద్దగా కాదు, వెన్యూల్స్‌లోనే. ఇది గుర్తుంటే, రక్తపోటును తగ్గించే మందు ఏదైనా వాపును కూడా ఎందుకు తగ్గించినట్టు కనిపిస్తుందో కింద తెలుస్తుంది.

నొప్పి, దురద వేరే దారిలో పోతాయి. నరాల కొసల మీద ఉండే 5-హెచ్‌టి3 గ్రాహకం అయాన్లను లోపలికి పంపే ద్వారం, కాబట్టి సెరటోనిన్ తగలగానే నరం మంటెత్తుతుంది. కందిరీగ విషంలో సెరటోనిన్ ఉంటుంది. మామిడి తోటలో కందిరీగ కుట్టినప్పుడు మొదట ప్రాణం పోయేంత మంట, ఆ తర్వాత వాపు రావడంలో దాని చేయి కొంత ఉంది.

మూడు అంచెల లెక్క

క్యారజీనన్ సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి వచ్చే చక్కెరల గొలుసు. దీన్ని 1962లో వింటర్, రిస్లీ, నస్ ఎలుక పాదంలో వాడి, వాపు తగ్గించే మందుల పరీక్షగా మార్చారు. ఆ వాపు ఒకే దెబ్బలో రాదని, ఒక చిన్న మెట్టు, తర్వాత ఒక పెద్ద మెట్టు ఎక్కుతుందని 1969లో వినెగర్ బృందం చూపింది. 1971లో డి రోసా, జిరూ, విల్లోబీ ఒక్కో పదార్థాన్ని ముందుగానే ఖాళీ చేసి చూసి వరుస తేల్చారు: మొదటి గంటన్నర దాకా హిస్టమిన్, సెరటోనిన్, అక్కడి నుంచి రెండున్నర గంటల దాకా కైనిన్లు, ఆ తర్వాత ఆరో గంట దాకా ప్రోస్టాగ్లాండిన్లు. ఈ చివరి రెండూ కూడా ఒళ్లు తయారుచేసుకునే, వాపు పెంచే పదార్థాలే. ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే ఇండోమెథసిన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు మూడో గంట వాపును బాగా తగ్గించి, మొదటి గంటను దాదాపు ముట్టుకోకపోవడానికి కారణం ఈ వరుసే.

ఈ వరుసను గడియారంలో గీతల్లా చూడకూడదు. ఒక అంచె ఇంకా పూర్తికాకముందే రెండోది మొదలవుతుంది. మొదటి గంటలో సూది గుచ్చిన గాయం కూడా కలుస్తుంది. సెలైన్ మాత్రమే ఎక్కించిన పాదం కూడా కొద్దిగా ఉబ్బి, ఒకటి రెండు గంటల్లో దిగిపోతుంది. పైగా మనం ఎక్కించిన 0.1 మి.లీ. ద్రవం కూడా ఆ పాదంలోనే ఉంది కదా! మొదటి గంటలో పాదం 0.25 మి.లీ. పెరిగిందని రాసుకుంటే, అందులో కొంత మనం నింపిందే. అందుకే కొందరు సూది తీసిన వెంటనే ఒక కొలత తీసుకుని దాన్నే సున్నా గంటగా పెట్టుకుంటారు. తొలి అంచె గురించి మాట్లాడదలిస్తే ఇదే మంచి పద్ధతి. సూదికి ముందు కొలతనే సున్నాగా పెట్టుకునేవాళ్లు సెలైన్ గుంపు ఒకటి తప్పక పెట్టుకోవాలి.

బల్ల మీద జరిగే పని

ప్రయోగానికి 150 నుంచి 200 గ్రాముల ఎలుకలు బాగుంటాయి. వాటి కంటే ముందు ఇన్‌స్టిట్యూషనల్ యానిమల్ ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉండాలి. జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీని ఇప్పుడు సీసీఎస్ఈఏ అంటున్నారు, పాత థీసిస్‌లలో సీపీసీఎస్ఈఏ అని ఉంటుంది.

క్యారజీనన్‌ని సెలైన్‌లో 1 శాతంగా కలుపుతారు, అంటే 10 మి.లీ.కి 100 మి.గ్రా. పొడి అంతా ఒకేసారి వేస్తే పైన జిగురు పొర కట్టి లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి, కనీసం గంటసేపు నాననివ్వాలి, ముందురోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెడితే ఇంకా మేలు. గడ్డలు మిగిలితే ఒక ఎలుకకి చిక్కటిది, ఇంకోదానికి పల్చటిది పోతుంది. లాంబ్డా రకం గడ్డకట్టదు కాబట్టి ఈ పనికి అదే వాడాలి. కప్పా రకం జెల్లీలా బిగుసుకుపోతుంది, సూదిలోంచి దిగదు.

సెరటోనిన్‌ని నేరుగా ఎక్కించే ప్రయోగంలో మొదటి పొరపాటు తూకం దగ్గరే జరుగుతుంది. సీసాలో వచ్చేది సాధారణంగా లవణం. సెరటోనిన్ బేస్ అణుభారం 176.2. హైడ్రోక్లోరైడ్ లవణం 212.7. క్రియాటినిన్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ 405.4. అంటే ఈ చివరిదాన్ని 1 మి.గ్రా. తూచితే అసలు సెరటోనిన్ 0.43 మి.గ్రా. మాత్రమే, హైడ్రోక్లోరైడ్ అయితే 0.83 మి.గ్రా. ఒక పేపర్‌లో 100 మైక్రోగ్రాములని చదివి, వేరే లవణం తూచి, వాపు రాలేదనుకునేవాళ్లు తక్కువేం కాదు. రెండో పొరపాటు కలిపిన ద్రావణాన్ని వెలుతురులో వదిలేయడం. సెరటోనిన్ గాలికీ వెలుతురుకీ చెడిపోయి గోధుమరంగులోకి తిరుగుతుంది. రంగు మారినదాన్ని పారబోయాలి. ఏ రోజుది ఆ రోజే కలిపి, సీసాకి అల్యూమినియం రేకు చుట్టి, ఐసులో ఉంచాలి. ఎక్కించేముందు గది వేడికి రానివ్వాలి, చల్లటి ద్రావణం రక్తనాళాన్ని బిగించి తొలి కొలతను తారుమారు చేస్తుంది.

ఇన్సులిన్ సిరంజి కానీ 26 నంబరు సూది కానీ తీసుకుని, అరిపాదం చర్మం కింద మెత్తల మధ్య నుంచి మడమ వైపు పోనిచ్చి, 0.1 మి.లీ. నెమ్మదిగా వదలాలి. సూది తీసేముందు నాలుగైదు క్షణాలు ఆగాలి, లేదంటే ద్రవం వెనక్కి కారుతుంది. రక్తం చుక్క కనబడితే ఆ ఎలుకను లెక్కలోంచి తీసేయాలి. రక్తంతో పాటు ప్లేట్‌లెట్లు, వాటితో పాటు సొంత సెరటోనిన్ బయటికి వస్తాయి. తొలి గంట కోసం చేసే పరీక్షలో ఇంతకంటే చెడ్డ కల్తీ ఉండదు. చిట్టెలుకలకైతే 0.02 నుంచి 0.05 మి.లీ. చాలు.

సెరటోనిన్ వాపు త్వరగా వచ్చి త్వరగా పోతుంది. అరగంట నుంచి గంటలోపు ఎత్తుకు చేరి, రెండు మూడు గంటల్లో చాలావరకు దిగిపోతుంది. క్యారజీనన్ పాదంలా మూడో గంటకి నిగనిగలాడుతూ, వేళ్లు ఎడంగా విచ్చుకుని, ఎలుక ఆ కాలు మోపకుండా కూర్చునే దృశ్యం ఇక్కడ కనిపించదు. కాబట్టి గంటకోసారి కొలిస్తే అసలు ఎత్తు జారిపోతుంది. 15, 30, 60, 120 నిమిషాలకు కొలతలు కావాలి.

ఇక్కడే సమయం లెక్క తప్పుతుంది. కంట్రోల్ (మందివ్వనిది), ఇండోమెథసిన్, సెరటోనిన్‌ని ఆపే సైప్రోహెప్టడిన్, కషాయం మూడు మోతాదులు, ఇలా ఆరు గుంపులు, గుంపుకి ఆరేసి చొప్పున 36 ఎలుకలనుకుందాం. ఎలుకకి రెండు నిమిషాలైనా 72 నిమిషాలు పడుతుంది. అంటే చివరి ఎలుకలకు సూది వేయకముందే మొదటి ఎలుకల అరగంట కొలత దాటిపోతుంది. అప్పుడు కంట్రోల్ గుంపు పొద్దున్నే, కషాయం గుంపు మధ్యాహ్నం అన్నట్టు తయారవుతుంది. పూటకి 12 ఎలుకలు, ప్రతి గుంపు నుంచి రెండేసి తీసుకుంటే సరిపోతుంది: 24 నిమిషాల్లో సూదులు అయిపోతాయి, 30 నుంచి 54 నిమిషాల మధ్య మొదటి కొలతలు, 60 నుంచి 84 మధ్య రెండోవి. 15 నిమిషాల కొలత కూడా కావాలంటే పూటకి ఆరు ఎలుకలే. మూడు రోజులో ఆరు రోజులో పడుతుంది, కానీ ఏ గుంపూ ఏ పూటకీ కట్టుబడదు. కొలిచేవాళ్లకు ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు. తోకమీద నంబరు మాత్రమే కనపడాలి.

పాదాన్ని ముంచి దాని పరిమాణం కొలిచే ప్లెథిస్మోమీటర్ పాతదైతే పాదరసంది, కొత్తదైతే నీటిది. పాదరసంలో 2 సెం.మీ. లోతుకి పాదం ముంచితే అడుగున 20 మి.మీ. పాదరసం ఒత్తిడి పడుతుంది. ప్లాస్మా మాత్రమే నిండిన మెత్తటి వాపు ఆ ఒత్తిడికి పక్కకు జరుగుతుంది. పాదరసం విషం అన్న సంగతి అటుంచినా, తొలి గంట వాపుకు ఈ ఒక్క కారణం చాలు నీటి పరికరం ఎంచుకోవడానికి. చీలమండ ఎముక దగ్గర చెరగని ఇంకుతో గీత పెట్టి, ప్రతిసారీ నీటి అంచు ఆ గీతకి తగిలేదాకానే ముంచాలి. తడి వెంట్రుకలు నీటిని మోసుకుపోతాయి, కాబట్టి ప్రతి కొలత తర్వాత మట్టం సరిచూసి సున్నా చేయాలి. కాలు తన్నుకునే ఎలుకను తొందరపెట్టకూడదు. రెండు కొలతలు తీసి సగటు వేయాలి, రెండింటి మధ్య తేడా 0.03 మి.లీ. దాటితే మూడోది తీయాలి.

శాతం చేసే మాయ

తొలి గంట ఫలితాలు అందంగా కనిపించడానికి గణితమే ఒక కారణం. మొదటి గంటలో కంట్రోల్ పాదం 0.24 మి.లీ., మందిచ్చిన పాదం 0.16 మి.లీ. పెరిగాయనుకుందాం. నిరోధం 33 శాతం. మూడో గంటలో కంట్రోల్ 0.60, మందిచ్చినది 0.54 అయితే నిరోధం 10 శాతం. చూడగానే, ఈ మందు సెరటోనిన్ దశలో బాగా పనిచేసి ప్రోస్టాగ్లాండిన్ దశలో విఫలమైందనిపిస్తుంది. మి.లీ.లలో చూస్తే తేడాలు 0.08, 0.06 మాత్రమే. దాదాపు సమానం. మొదటి గంటలో చిన్న సంఖ్యతో భాగించాం కాబట్టి శాతం పెద్దదైంది. పట్టికలో శాతం పక్కన మి.లీ.ల పెరుగుదలనీ, ప్రతి గుంపులో ఎలుకల మధ్య తేడానీ కూడా ఇస్తే చదివేవాళ్లు మోసపోరు. ఒకే ఎలుకను పదేపదే కొలుస్తున్నాం కాబట్టి గంటగంటకీ విడివిడిగా అనోవా (గుంపుల సగటులను పోల్చే గణాంక పరీక్ష) వేయడం కూడా సరికాదు. రిపీటెడ్ మెజర్స్ పద్ధతి కావాలి.

సెరటోనిన్ దారినే మూసిందని చెప్పాలంటే

క్యారజీనన్ తొలి గంటలో వాపు తగ్గిందంటే నాలుగు సంగతుల్లో ఏదైనా కావచ్చు. మందు సెరటోనిన్ గ్రాహకాన్ని ఆపి ఉండవచ్చు. హిస్టమిన్ గ్రాహకాన్ని ఆపి ఉండవచ్చు. మాస్ట్ కణం గుళికలను వదలకుండా చేసి ఉండవచ్చు. లేదా వీటితో సంబంధం లేకుండా పాదానికి వచ్చే రక్తాన్నే తగ్గించి ఉండవచ్చు.

విడదీసే దారి ఇది. సెరటోనిన్, హిస్టమిన్ రెండింటినీ వేరువేరు ఎలుకల పాదాల్లో నేరుగా ఎక్కించి, మందు దేన్ని తగ్గిస్తుందో చూడాలి. సెరటోనిన్ వాపు ఒక్కటే తగ్గితే గ్రాహకం మీద అనుమానం బలపడుతుంది. రెండూ తగ్గకుండా, 48/80 అనే రసాయనం ఎక్కించిన పాదం మాత్రం తగ్గితే, మందు మాస్ట్ కణాన్ని పట్టుకుందని అర్థం. ఎందుకంటే 48/80 చేసేది గుళికలను బయటికి నెట్టించడమే. మూడూ ఒకేలా తగ్గి, ప్రోస్టాగ్లాండిన్ ఈ2తో వచ్చే వాపు కూడా తగ్గితే, రక్తప్రసరణ మీద అనుమానం పెట్టుకోవాలి.

పోలికకు వాడే మందుల్లో కూడా మెలికలున్నాయి. మన మెడికల్ షాపుల్లో పిల్లలకు ఆకలి సిరప్‌గా దొరికే సైప్రోహెప్టడిన్‌నే ల్యాబుల్లో సెరటోనిన్ విరోధిగా వాడతారు. అది హిస్టమిన్ హెచ్1 గ్రాహకాన్ని కూడా అంతే గట్టిగా ఆపుతుంది. అది పనిచేసిందంటే తొలి అంచె పదార్థాలు ఉన్నాయని తెలుస్తుంది, వాటిలో ఏది అన్నది తెలియదు. పక్కన మెపిరమిన్ లాంటి హిస్టమిన్ విరోధి గుంపు ఒకటి ఉంటేనే సైప్రోహెప్టడిన్ గుంపుకు అర్థం వస్తుంది. కెటాన్సెరిన్ 5-హెచ్‌టి2ఏ మీద మరింత సూటిగా పనిచేస్తుంది, కానీ అది రక్తనాళాలను బిగించే ఆల్ఫా1 గ్రాహకాన్ని కూడా ఆపి రక్తపోటు తగ్గిస్తుంది. రక్తపోటు తగ్గితే వెన్యూల్స్‌లో సందులు తెరిచే ఉన్నా వాటిలోంచి ద్రవాన్ని తోసే బలం ఉండదు. వాపు తగ్గుతుంది, సెరటోనిన్‌తో పని లేకుండానే.

సెరటోనిన్‌ని ముందే ఖాళీ చేసి చూసే పద్ధతి ఒకటుంది. సర్పగంధి వేరులోని రిసర్పిన్ కణాల నిల్వలను ఖాళీ చేస్తుందని 1955లో ప్లెట్షర్, షోర్, బ్రోడీ చూపించారు. అది సెరటోనిన్‌తో ఆగదు, నార్‌అడ్రినలిన్‌ని కూడా ఊడ్చేస్తుంది. ఎలుక ముడుచుకుని, కనురెప్పలు వాలి, ఒళ్లు చల్లబడి కూర్చుంటుంది. ఒళ్లు చల్లబడ్డ ఎలుకలో ఏ వాపైనా తక్కువే. పీసీపీఏ అనే రసాయనం సెరటోనిన్ తయారీ ఎంజైమ్‌ని ఆపుతుంది, కానీ మాస్ట్ కణాల్లో పాత నిల్వ చాలా నెమ్మదిగా తరుగుతుంది కాబట్టి రెండు మూడు రోజుల పీసీపీఏతో పాదం ఖాళీ అయిందనుకోకూడదు. పెరిగే మోతాదుల్లో కొన్ని రోజులపాటు 48/80 ఇచ్చి మాస్ట్ కణాలనే ఖాళీ చేయడం ఈ మూడింటిలో సూటైనది. ఖాళీ అయ్యాయో లేదో కణజాలాన్ని టొలుయిడిన్ బ్లూ రంగుతో చూసి నిర్ధారించుకోవచ్చు.

కషాయాల విషయంలో ఇంకొక ఉచ్చు. కడుపు గోడలోంచి సూదితో ఇచ్చిన కషాయంలో టానిన్లు, సపోనిన్లు ఉంటే పొట్టలోనే మంట పుడుతుంది. పొట్టలో మంట ఉన్న ఎలుకకు అడ్రినల్ గ్రంథి నుంచి హార్మోన్లు ఎక్కువై పాదం వాపు తగ్గుతుంది. ఏ మందూ లేని చికాకు పదార్థం కూడా ఇలా వాపు తగ్గించే మందులా నటిస్తుంది. అందుకని కషాయాలను 0.5 శాతం సీఎంసీ అనే జిగురు ద్రావణంలో కలిపి నోటి ద్వారా ఇవ్వడమే మేలు. అలా ఇచ్చినప్పుడు రక్తంలోకి ఎక్కే సమయం చూసుకోవాలి. గంట ముందు ఇచ్చిన కషాయం రెండు మూడు గంటలకు గానీ ఎక్కకపోతే, మొదటి గంటలో పనిచేయలేదని రాయడం దానికి అన్యాయమే.

ఇక మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. యానిమల్ హౌస్ 22 డిగ్రీలకు మూడు అటూ ఇటూగా ఉండాలి. ఎలుకకు ఒళ్లంతా చెమట పట్టదు, వేడిని తోక నుంచీ అరికాళ్ల నుంచీ వదులుతుంది. కరెంటు పోయి ఏసీ ఆగితే పాదం రక్తనాళాలు వెడల్పవుతాయి, సూది వేయకముందే కొలత మారుతుంది, వేశాక వాపు ఎక్కువవుతుంది. ప్రయోగం చేసే గదికి జనరేటర్ లైను లేకపోతే వేసవిలో ఈ పని పెట్టుకోకపోవడం ఉత్తమం. తప్పనిసరైతే తెల్లవారుజామునే మొదలుపెట్టి, ప్రతి కొలత పక్కన గది వేడిని కూడా రాసుకోవాలి.

డెక్స్‌ట్రాన్ వాడేవాళ్లకు ఒక మాట. కొన్ని వంశాల ఎలుకలు పుట్టుకతోనే డెక్స్‌ట్రాన్‌కి స్పందించవు. కంట్రోల్ గుంపులోనే రెండు ఎలుకలకు వాపు రాకపోతే మీ చేతి తప్పు అని కంగారుపడకండి, పెంపకందారు మారాడేమో అడగండి.

ఎలుక వేరు, గినీపిగ్ వేరు, మనిషి వేరు

ఎలుక, చిట్టెలుక మాస్ట్ కణాల్లో సెరటోనిన్ దండిగా ఉంటుంది. మనిషి మాస్ట్ కణాల్లో ప్రధానమైనది హిస్టమిన్, సెరటోనిన్ ఉన్నా అతి కొద్ది. గినీపిగ్ రక్తనాళాలు హిస్టమిన్‌కి గట్టిగా స్పందిస్తాయి, సెరటోనిన్‌కి అంతగా కాదు. మనిషి చర్మంలోకి హిస్టమిన్ ఎక్కిస్తే ఉబ్బెత్తు దద్దురు వస్తుంది. సెరటోనిన్ ఎక్కిస్తే నొప్పే ముందు, దద్దురు అంత స్పష్టంగా రాదు. దద్దుర్లు వచ్చినవాళ్లకు డాక్టరు సాధారణంగా హిస్టమిన్‌ని ఆపే సిట్రిజిన్ రాస్తారు, సెరటోనిన్‌ని మాత్రమే ఆపే మందు రాయరు.

కాబట్టి ఎలుకలో మొదటి గంటను బాగా ఆపి, మూడో గంటలో చేతులెత్తేసే మందు మనిషి కీళ్లవాపుకి ఉపయోగపడుతుందని ఆశపడటానికి ఆధారం తక్కువ. మూడో గంటలో పనిచేసేది మనిషిలో పనికొచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ప్రోస్టాగ్లాండిన్ దారి రెండింటిలోనూ ఒకటే.

అలాగని మనిషి వాపుల్లో సెరటోనిన్‌కి పనేమీ లేదనడం కూడా తొందరపాటే. మనిషి ప్లేట్‌లెట్లలో అది నిండుగా ఉంటుంది. కీళ్లవాపు తెప్పించిన చిట్టెలుకల్లో ప్లేట్‌లెట్ల సెరటోనిన్ కీలు రక్తనాళాల్లో సందులను తెరిచి ఉంచుతుందని 2012లో వచ్చిన పరిశోధన చూపింది. పేగు సెరటోనిన్ తయారుచేసుకోలేని చిట్టెలుకలకు రసాయనంతో పెద్దపేగు వాపు తెప్పిస్తే జబ్బు తక్కువగా వచ్చిందని 2009లో తేలింది. మాస్ట్ కణం పాత్రను ప్లేట్‌లెట్, పేగు కణం తీసుకున్నాయన్నమాట. ఇంకో వైపు, 5-హెచ్‌టి2ఏ గ్రాహకాన్ని ప్రేరేపించే డీఓఐ అనే పదార్థం రక్తనాళ కండర కణాల్లో టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే ప్రొటీన్ తెచ్చే మంటను అతి తక్కువ మోతాదులో అణిచేస్తుందని 2008లో బయటపడింది. ఒకే గ్రాహకం పాదంలో వాపు తెస్తుంది, వేరే కణంలో వాపు ఆపుతుంది. ఫ్లుఓక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులు ఎలుక పాదం వాపును తగ్గించినట్టు కూడా ప్రచురణలున్నాయి. వాటిని చదివేటప్పుడు ఆ మందు ప్లేట్‌లెట్లలోకి సెరటోనిన్ చేరకుండా ఆపి నిల్వను తగ్గిస్తుందన్న సంగతి మనసులో ఉంచుకోవాలి. అది ఒక్క మోతాదుతో అయ్యే పని కాదు, కాబట్టి అరగంట ముందు ఒక్కసారి ఇచ్చి వచ్చిన ఫలితానికి వేరే కారణం వెతకాలి.

వావిలాకు కషాయం ఎలుకలో సెరటోనిన్ వాపునే తగ్గించిందని పైన చెప్పిన పద్ధతిలో నిజంగా తేలితే, తర్వాత చేయాల్సినవి రెండు. గినీపిగ్ చర్మంలో ఇవాన్స్ బ్లూ రంగు కారడాన్ని చూసి హిస్టమిన్ దారిలో కూడా పనిచేస్తుందేమో పరీక్షించడం ఒకటి. మనిషి మాస్ట్ కణాల లైను మీద కషాయం వేసి, హిస్టమిన్ విడుదల తగ్గుతోందో లేదో కొలవడం రెండోది. రెండోదానికి ఎథిక్స్ కమిటీలో జంతువుల ఫారం కూడా అక్కర్లేదు, కల్చర్ గది ఉంటే చాలు.